అరణంగా వచ్చిన సీమ: పల్నాడు, ధరణికోట రాణివాసాల రాజకీయం

కోటలు, కత్తులు, డ్రాగన్లు ఉన్న సిరీస్‌కి కొత్త సీజన్ వచ్చిందంటే విజయవాడ హాస్టళ్ళలో నాలుగు రోజులు అదే గొడవ. ఆ రాణి అంత పని ఎందుకు చేసింది? అంత పెద్దింటి పిల్ల శత్రువు కొడుకుతో పెళ్ళికి ఎలా ఒప్పుకుంది? సొంత తమ్ముణ్ణి ఎందుకు ముంచింది? వాదన ఎంతసేపు నడిచినా చివరికి గుణగణాల దగ్గరే ఆగుతుంది. ఒకామె మంచిది, ఒకామె కుట్రలమారి, ఇంకొకామె పాపం ఏమీ తెలియని పిల్ల.

ఈ లెక్కతో ఆ కథలు అర్థం కావని నా నమ్మకం. రాచకుటుంబంలో ఆడమనిషి ఏ నిర్ణయం తీసుకున్నా, మనం ముందు అడగాల్సినవి మూడున్నాయి. ఆమె చేతిలో ఏముంది? అది ఎవరింటి నుంచి వచ్చింది? అది పోతే వెళ్ళి నిలబడడానికి ఇంకో గుమ్మం ఉందా? వీటికి జవాబు దొరికితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఇందుకు ఊహాలోకాల దాకా పోనక్కర్లేదు. గురజాల, కారెంపూడి, చందవోలు, చేబ్రోలు, ధరణికోట, వెలగపూడి. గుంటూరు వాళ్ళకీ బెజవాడ వాళ్ళకీ ఇవన్నీ పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చే ఊళ్ళు. 12, 13 శతాబ్దాల్లో ఈ ఊళ్ళ చుట్టూ నడిచిన రాజకీయంలో విషప్రయోగం ఉంది, పందెం పెట్టి దేశం వెళ్ళగొట్టడం ఉంది, పెళ్ళి పేరుతో సంధి ఉంది, మగపేరుతో సింహాసనం ఎక్కిన కూతురుంది.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. పల్నాటి కథ మనకు ప్రధానంగా వీరగాథగా అందింది. యుద్ధం 12వ శతాబ్దం చివరిది. శ్రీనాథుడు దాన్ని ద్విపదలో కట్టింది 15వ శతాబ్దంలో. కారెంపూడిలో వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతున్నారు. కాకతీయుల కాలపు సంగతులకైతే రాతి మీద చెక్కిన శాసనాలున్నాయి. అందుకని మొదటిదాన్ని కథగా, రెండోదాన్ని చరిత్రగా చదువుదాం. రాణివాసం లెక్క మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

తగువు ఎక్కడ మొదలైంది?

పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందని అడిగితే ఎక్కువమంది కోడిపందెం అంటారు. నాకు మాత్రం అది ఒక పెళ్ళితో మొదలైనట్టు కనిపిస్తుంది.

కథ ప్రకారం అనుగురాజు హైహయ వంశపువాడు, ఈ సీమకు బయటి నుంచి వచ్చినవాడు. అప్పట్లో కృష్ణకు దక్షిణాన పెద్ద దిక్కు చందవోలు ఏలే వెలనాటి చోళులు. వాళ్ళ ఆడపడుచు మైలమదేవిని అతనికిచ్చి, పల్నాటి సీమను అరణంగా, అంటే పుట్టింటి పెళ్ళి కానుకగా, ఇచ్చారు. అనుగురాజుకి మైలమదేవి కాక విజ్జలదేవి, భూరమదేవి అని మరో ఇద్దరు భార్యలు. మైలమ కొడుకు నలగామరాజు. విజ్జలదేవి కొడుకు మలిదేవుడు. తండ్రి పోయాక నలగాముడు గురజాలలో గద్దెనెక్కాడు. తరవాత మంత్రి బ్రహ్మనాయుడు రాజ్యంలో సగం మలిదేవుడికి ఇప్పించి, మాచర్లలో వేరే కొలువు పెట్టించాడు.

పాడేవాళ్ళ గొంతులో ఈ పంపకం న్యాయంగానే వినిపిస్తుంది. ఒక తండ్రి బిడ్డలు, తలా సగం. కానీ పల్నాడు అనుగురాజుకి తాతల నాటి ఆస్తి కాదు. అది మైలమదేవి పుట్టింటి నుంచి వచ్చిన సొత్తు. తల్లి అరణంగా తెచ్చిన ఊరిని సవతి కొడుకులకు సగం పంచమంటే ఈ రోజుక్కూడా మన ఇళ్ళలో ఎవరూ ఊరుకోరు. గురజాల కొలువులో అందరూ లోపల నమలుకుంటున్న మాట ఇదే అయ్యుంటుంది. దాన్ని రాజకీయంగా మలిచింది నాయకురాలు నాగమ్మ.

నాగమ్మకి వెనక్కి పోయే దారి లేదు

ఆమె రాజకుమారి కాదు. జిట్టగామాలపాడు వైపు రెడ్ల ఇంటి ఆడపడుచు. చిన్నప్పుడే భర్త పోయాడని కథ. పిల్లల్లేరు. అనుగురాజు వేట అలసటలో ఆ దారిన వచ్చినప్పుడు ఆమె పరివారానికంతా మర్యాదలు చేసింది. రాజు సంతోషించి ఏదైనా కోరుకోమన్నాడు. నగలడగలేదు, మాన్యాలడగలేదు. ఏడు ఘడియల పాటు మంత్రి పదవి కావాలంది.

ఘడియంటే 24 నిమిషాలు. ఏడు ఘడియలు కలిపినా మూడు గంటలు లేవు. రాజు నవ్వుకుంటూ ఒప్పుకునే ఉంటాడు. ఆమె ఆ మాటని పట్టుకుని ఏళ్ళ తరబడి ఓపిక పట్టింది. నలగాముడి కాలంలో ఆ ఏడు ఘడియలూ తెచ్చుకుని, అంత తక్కువ సమయంలోనే ఆమె లేకపోతే కొలువు నడవదన్న స్థితి తెచ్చింది. మనకున్న కథలన్నిట్లో ఒక స్త్రీ అధికారంలోకి వచ్చిన తీరు ఇంత తేటగా చెప్పింది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. పెళ్ళి వల్ల కాదు, కొడుకు వల్ల కాదు, అందం వల్ల కాదు. ఒక వాగ్దానాన్ని సరైన సమయానికి అప్పుపత్రంలా బయటికి తీసింది, అంతే.

ఇక ఇక్కడి నుంచి ఆమె చేసిన ప్రతి పనినీ ఆ మూడు ప్రశ్నలతో చూడండి. చేతిలో ఉన్నది రాజు నమ్మకం ఒక్కటే. అది ఏ ఇంటి నుంచీ వచ్చింది కాదు. పోతే వెళ్ళడానికి అత్తిల్లు లేదు, అండగా నిలిచే కొడుకు లేడు, వెలనాటి వంటి పుట్టిల్లు లేదు. అవతల బ్రహ్మనాయుడికి కొడుకు బాలచంద్రుడున్నాడు, చాపకూటితో కులాలన్నిటినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి కూడగట్టుకున్న జనం ఉంది, కన్నమదాసు లాంటి సేనాని ఉన్నాడు. గురజాలలో ఓడితే మాచర్లకు పోతాడు, మాచర్లలో ఓడితే అడవికి పోయినా వెంట మనుషులుంటారు. అన్నదమ్ములు రాజీ పడితే బ్రహ్మనాయుడు పెద్దమనిషిగా మిగులుతాడు. నాగమ్మ ఏమీ కాకుండా పోతుంది.

ఆమెకు రాజీ ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు తెలుస్తుంది. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలన్న షరతు ఆమెకు బంగారం లాంటిది. కత్తి దూయకుండా, వెలనాటికి కోపం రాకుండా, ఎదుటివాళ్ళే ఒప్పుకున్న నియమంతో సగం రాజ్యం తిరిగొస్తుంది. ఆ పందెం మోసంతో గెలిచిందని కథ చెబుతుంది.

ఏడేళ్ళు గడిచాక మలిదేవుడి భాగం అడగడానికి అలరాజు రాయబారిగా గురజాల వచ్చాడు. అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో చనిపోయాడు. ఈ పనిని నేను వెనకేసుకు రాను. రాయబారిని చంపడం ఏ కాలంలోనైనా తప్పే, పైగా మూర్ఖత్వం. ఆ ఒక్క చావుతో కారెంపూడి యుద్ధం ఖాయమైపోయింది. కానీ ఆ తప్పును "ఆడదాని పెత్తనం" ఖాతాలో రాసెయ్యడం నాకు అసలు నచ్చదు. నలగాముడు గద్దె మీద కూర్చునే ఉన్నాడు. అతని తమ్ముళ్ళున్నారు. కొలువంతా ఉంది. శాపనార్థాలు మాత్రం నాగమ్మకే.

కార్తీక అమావాస్యకి కారెంపూడి వెళ్ళినవాళ్ళకి తెలుసు. అయిదు రోజుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలైన కొణతాలను పట్టుకుని ఆచారవంతులు నాగులేటి వైపు నడుస్తారు. ఒక్కో రోజుకీ ఒక్కో ఘట్టం పేరు. ఆ అయిదు పేర్లూ కలిపి చూస్తే యుద్ధానికి దారి తీసిన రాజకీయమంతా కనబడుతుంది. ఆ రాజకీయంలో సగం నాగమ్మ నడిపిందే.

రెండిళ్ళ మధ్య పిల్ల

పేరిందేవి గురించి నాలుగు మాటలే చెప్పగలను, ఎందుకంటే కథ ఆమెకిచ్చిన చోటే అంత. అలరాజు భార్య, నలగాముడి కూతురు. భర్తను చంపించింది పుట్టింటి కొలువు. ఏ గుమ్మానికి పోవాలి? పుట్టింటికి పోతే భర్తను చంపినవాళ్ళ అన్నం. అత్తింట్లో ఉంటే శత్రువు కూతురు. కథలో ఆమె సహగమనం చేసింది. పాడేటప్పుడు దాన్ని పాతివ్రత్యంగా కీర్తిస్తారు. నాకైతే అందులో రెండు తలుపులూ మూసుకుపోయిన ఒక చిన్నపిల్లే కనిపిస్తుంది. సంధి కోసం చేసిన పెళ్ళిళ్ళలో సంధి తెగిన రోజున మొదటి దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మాంచాల సంగతి వేరు. కొడుకుని యుద్ధానికి పోనివ్వడం ఇష్టం లేక ఐతాంబ బాలచంద్రుణ్ణి కోడలి దగ్గరికి పంపింది, భార్య మొహం చూస్తే ఆగిపోతాడని. మాంచాల అతన్ని ఆపలేదు, యుద్ధానికే సాగనంపింది. అత్తగారి ప్లాన్ కోడలి దగ్గర తిరగబడింది. ఇద్దరూ ఆలోచించింది బాలచంద్రుడి గురించే. ఐతాంబకి కొడుకు బతికుంటే చాలు. యుద్ధం ఎగ్గొట్టినవాడి పెళ్ళాంగా ఆ ఇంట్లో తన చోటేమిటో మాంచాలకి తెలుసు.

పెళ్ళితో గెలిచిన తీరం

పల్నాటి పోరులో వెలనాటి వైపు బలగం బాగా నలిగిపోయింది. చందవోలు బలహీనపడడం ఓరుగల్లుకి కలిసొచ్చింది. 1201 నాటికి కాకతి గణపతిదేవుడు బెజవాడ పట్టుకున్నాడు. అక్కడి నుంచి దివిసీమ మీదికి పోయాడు.

దివిలో చేసిన పని చూడండి. అక్కడి అయ్య వంశపు పినచోడిని ఓడించాడు, మళ్ళీ సీమను అతనికే వదిలేశాడు. కానీ అతని కూతుళ్ళు నారమ్మ, పేరమ్మలను పెళ్ళి చేసుకున్నాడు, కొడుకు జాయపను తన కొలువుకి తెచ్చుకుని గజసేనకు అధిపతిని చేశాడు. అదే జాయపకి తరవాత చేబ్రోలు దక్కింది. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఇతనే. అక్కాచెల్లెళ్ళు అంతఃపురంలో, తమ్ముడు కొలువులో. మాట తప్పితే ముగ్గురూ రాజు చేతిలో ఉన్నట్టే. మాట నిలబెట్టుకుంటే ముగ్గురూ పైకొచ్చినట్టే. ఓడిన ఇంటికి ఇంతకంటే మంచి బేరం దొరకదు. కానీ ఆ ఇద్దరమ్మాయిల్ని ఎవరైనా అడిగారా అన్నది ఏ శాసనమూ చెప్పదు.

ఆ తరవాతి తరంలో గణపతి తన కూతురు గణపాంబను ధరణికోట బేతరాజుకిచ్చాడు. కోట వంశం వాళ్ళది కృష్ణ దక్షిణపు ఒడ్డున ఆరువేల సీమ. పాత వెలనాడుకీ ఓరుగల్లుకీ నడుమ వాళ్ళ కోట ఉంది. వాళ్ళు మనవాళ్ళయితే కృష్ణ దాటడం సులువు. లెక్క సరిగ్గానే కుదిరింది, కాకపోతే బేతరాజు ముందే పోయాడు.

ఇక్కడ గణపాంబ ముందున్న దారులు ఆలోచించండి. తండ్రి ఆంధ్రదేశంలో అందరికంటే పెద్ద రాజు, బతికే ఉన్నాడు. ఓరుగల్లు పోయి దర్జాగా ఉండొచ్చు. పోతే ధరణికోట మీద పట్టు పోతుంది. ఉండిపోయి కోట ఇంటి కోడలిగానే మిగిలితే, తండ్రి బలం ఆమెకు అక్కరకు రాదు. ఆమె ఏం చేసిందో యనమదల శాసనంలో ఉంది, తేదీ 1250. భర్త పోయాక అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు ఎత్తించింది. ధరణికోటలో భర్త పేరుతో బేతేశ్వరాలయం కట్టించింది. గుంటూరు దగ్గరి యనమదలలో తండ్రి పేరుతో గణపేశ్వరాలయం కట్టించింది.

దీన్ని భక్తి అని పక్కన పెడితే సగమే చదివినట్టు. గుడి కట్టడమంటే భూములు రాయడం, పనివాళ్ళను పెట్టడం, ఆ ఊరి ఆదాయంలో ఎవరికెంత అన్నది తేల్చడం. దేవుడి పేరిట రాసినదాన్ని మరిదో పక్క రాజో లాక్కోవడం అంత తేలిక కాదు. ఒక గుడి అత్తింటి పేరుతో, ఒక గుడి పుట్టింటి పేరుతో నిలబెట్టి, నేను రెండిళ్ళ మనిషినీ, ఇక్కడి నిర్ణయాలు నావీ అని ఆ సీమకంతటికీ చాటింది. మగవాళ్ళూ ఇదే పద్ధతి. జాయప కూడా చేబ్రోలులో తండ్రి చోడి పేరిట ఒక గుడి, దివిలో రాజు పేరిట గణపేశ్వరం కట్టించాడు. అంటే గణపాంబ ఆడవాళ్ళ కోసం ఒక చాటుమార్గం వెతుక్కోలేదు. సామంతులందరూ ఆడే ఆటే ఆడింది, చక్కగా ఆడింది. పేరిందేవికి మూసుకుపోయిన రెండు గుమ్మాల్నీ ఈమె తెరిచి ఉంచుకోగలిగింది. ఆమె పుట్టింటికీ అత్తింటికీ మధ్య రక్తం పారకపోవడం ఆమె అదృష్టం, అది కూడా చెప్పాలి.

అల్లుడు రాజు కాకుండా

గణపతికి అసలు చిక్కు వారసత్వం. కూతురికి రాజ్యమిస్తే ఏమవుతుంది? పెళ్ళయ్యాక రాజ్యం అల్లుడిదవుతుంది, పుట్టే బిడ్డలు అల్లుడి వంశం వాళ్ళవుతారు. గణపాంబ ఇప్పటికే కోట ఇంటి కోడలు. ఆమెకిస్తే కాకతీయ రాజ్యం కోట వాళ్ళ చేతికి పోయినట్టే. ఇక మిగిలింది ఇంకో కూతురు రుద్రమ.

గణపతి ఈ ముడి విప్పిన తీరు నాకు చాలా ముచ్చటేస్తుంది. రుద్రమకి నిడదవోలు చాళుక్య రాకుమారుడు వీరభద్రుణ్ణి తెచ్చాడు. వంశం పేరు పెద్దది, ఎవరూ వంక పెట్టలేరు. రాజ్యం చిన్నది, ఓరుగల్లును మింగేంత బలం లేదు. రుద్రమను శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో నిలబెట్టాడు. 1260కి కాస్త అటూ ఇటూగా తను బతికుండగానే పక్కన కూర్చోబెట్టి పాలన చేయించాడు, సామంతులకు ఆమె ఆజ్ఞలు అలవాటు కావాలని. కోడలు కాకుండా, రాణి కూడా కాకుండా, కొడుకు స్థానంలో కూతురు.

ఆ తొలి రోజుల శాసనం మన పక్కనే ఉంది. మందడం దగ్గర మల్కాపురంలో, పైన నంది, పక్కలకంతా అక్షరాలు చెక్కిన రాతి స్తంభం. తేదీ 1261. గణపతి తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందరం ఊరు ఇస్తానని మాటిచ్చాడు. రుద్రమ ఆ మాట నిలబెట్టి, దాంతోపాటు వెలగపూడిని కూడా ధారపోసింది. ఇవాళ రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడే. వచ్చిన ఆదాయాన్ని భాగాలు చేసి మఠంలో చదువుకునేవాళ్ళకీ, సత్రంలో భోజనాలకీ, ప్రసూతిశాలకీ ఆరోగ్యశాలకీ కేటాయించారు.

రాజకీయంగా చూస్తే ఇది చాలా తెలివైన దానం. తండ్రి మాట చెల్లించే బాధ్యత కొడుకుది. ఆ పని తను చేసి, అడిగినదానికి ఇంకో ఊరు కలిపి, ఆ కాలంలో అందరూ గౌరవించే శైవాచార్యుణ్ణి తన వైపు తిప్పుకుంది. ఆడదాని ఏలుబడి ఒప్పుకోం అని గొణిగే సామంతుల ముందు రాజగురువు నిలబడితే సగం నోళ్ళు మూతపడతాయి. అన్ని నోళ్ళూ మూతపడలేదు. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు చివరిదాకా కొరకరాని కొయ్యే. చందుపట్ల శాసనం ప్రకారం 1289లో రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారు. అంబదేవుడి మీదికి పోయిన యుద్ధంలోనే చనిపోయారని చరిత్రకారుల అంచనా. 1290 నాటి తన త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు విజయాలన్నీ చెప్పుకున్నాడు, తన పైన ఒక ప్రభువున్నాడన్న ఊసే ఎత్తలేదు.

రుద్రమ తన కూతుళ్ళ విషయంలో చేసింది గమనించాలి. తండ్రి కూతుళ్ళను సొంత కోటలూ సీమలూ ఉన్న ఇళ్ళకిచ్చాడు. రుద్రమ తన కూతురు రుయ్యమ్మను ఇందులూరి అన్నయ మంత్రికిచ్చింది. మంత్రి ఇంటి బలమంతా సింహాసనం ఇచ్చిందే, ఎదురు తిరగడానికి వేరే గడ్డ లేదు. సామంతుల దెబ్బ తిన్న మనిషి చేసే పెళ్ళి సంబంధం అది. గద్దె మాత్రం పెద్దకూతురు ముమ్మడమ్మకి ఇవ్వలేదు. ఆమె కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తు తీసుకుని వారసుణ్ణి చేసింది. తనలాగే కూతురూ మగపేరు పెట్టుకుని, ప్రతి సామంతుడి ముందూ తనను తాను మళ్ళీ మొదటి నుంచి రుజువు చేసుకోవాల్సిన అవసరం రాకూడదనుకుందేమో. ఇది నా ఊహే. మనవడు చేతికందివచ్చాడు కనుక ఆ ప్రయోగం ఇంకోసారి చెయ్యక్కర్లేదని కొలువు పెద్దలు అనుకుని ఉండొచ్చు కూడా. రెండిట్లో ఏదైనా, రాజ్యం రుద్రమ నుంచి ముమ్మడమ్మ మీదుగా నడిచింది, ముమ్మడమ్మ మాత్రం రాణి కాలేదు.

13వ శతాబ్దం చివర్లో మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో ఈ దేశాన్ని ఒక రాణి ఏలుతోందన్నాడు, ఆమె న్యాయాన్ని మెచ్చుకున్నాడు. అయితే ఆమెను చనిపోయిన రాజు భార్యగా రాసుకున్నాడు. భర్త మీద ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని, అలా నలభై ఏళ్ళు పాలించిందని చెప్పాడు. తరవాతి కాలపు మన ప్రతాపచరిత్రలు కూడా రుద్రమను గణపతి భార్యగానే చెప్పాయి. విధవరాలైన రాణి అంటే అందరికీ అర్థమవుతుంది. తండ్రి స్థానంలో కూర్చున్న కూతురు ఎవరి లెక్కలోనూ ఇమడలేదు. ఆమె గణపతిదేవుడి కూతురని మల్కాపురంలోని ఆ రాతి స్తంభం మాత్రం తేటతెల్లంగా చెబుతుంది.